హెడ్‌ఫోన్‌కి చెవి వైద్యం

మనిషికి వినబడుతోందా లేదా అన్నది అతని చెవులు తేల్చుకునే విషయమని చాలామంది ఇప్పటికీ నమ్ముతున్నారు. నాగరికత ఇంత దూరం వచ్చాక కూడా ఇటువంటి మూఢనమ్మకాలు మిగిలి ఉండటం విచారకరం. వినికిడి అనేది ప్రభుత్వం మంజూరు చేసేది. మంజూరైతే చెవిటివాడికీ వినబడుతుంది. మంజూరు కాకపోతే, పక్కింట్లో పోపు పెట్టిన చప్పుడుకు పడుకున్నచోట లేచి కూర్చునేవాడు కూడా చెవిటివాడే. ఈ శాస్త్రం బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో బమ్మిడి అమ్మన్నకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

అమ్మన్న గూడ్సు డ్రైవరు. టెక్కలి వైపు నుంచి అతని తాత పట్టాలు వెయ్యడానికి వచ్చాడు, తండ్రి ఆ పట్టాల మీద ఇంజన్‌కి బొగ్గు వేశాడు, అమ్మన్న ఆ పట్టాల మీదే డీజిల్ ఇంజనుతో బొగ్గు బళ్ళు లాగుతున్నాడు. వరండాలో నవారు మంచం మీద పడుకుని, లైను మీద పోయే బండిని చూడకుండానే, "మధ్యలో ఒక వేగన్‌కి సక్రం అరిగిపోనాది" అని చెప్పేవాడు. భార్య అచ్చియమ్మకు ఈ ప్రతిభ అంతగా నచ్చేది కాదు. ఆవిడ వంటింట్లో మనసులో అనుకోబోయి పొరపాటున పెదాల మీదికి తెచ్చిన మాటకు కూడా వరండాలోంచి జవాబు వచ్చేది.

ఎనభై ఆరో సంవత్సరం వానాకాలంలో అమ్మన్నకు శ్రవణ యోగ్యతా కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. బళ్ళు నడిపేవాళ్ళు కొన్నేళ్ళకొకసారి అక్కడికి వెళ్ళి తమకు వినబడుతోందని రుజువు చేసుకోవాలి.

ఈ కేంద్రం నిశ్శబ్దమైన చోట ఉండాలని నియమం. అందువల్ల యార్డుకూ, సైకిలు స్టాండుకూ, ఒక క్వార్టరు వంటింటికీ మధ్యనున్న గదిని దానికి కేటాయించి, తలుపు మీద "నిశ్శబ్ద ప్రదేశము" అని మూడు భాషల్లో బోర్డు పెట్టారు. (యార్డులో పెట్టెలు తోసే షంటింగు ఇంజనుకు ఆ మూడు భాషల్లో ఏదీ రాదు.) గదిలో విదేశం నుంచి తెప్పించిన యంత్రం ఒకటి, దానికి ఒక హెడ్‌ఫోను. వచ్చిన కొత్తలో హెడ్‌ఫోనుకు చెవుల దగ్గర మెత్తటి స్పాంజి దిండ్లు ఉండేవట. బిలాస్‌పూర్ ఎండలకు అవి కరిగి, పొడి రాలి, ఉద్యోగుల జుట్టుకు అంటుకుని విడతల వారీగా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళిపోయాయి. మిగిలినవి రెండు ప్లాస్టిక్ చిప్పలు. వాటిలో ఒకదానికి బ్యాండేజీ గుడ్డ చుట్టి ఉంది.

యంత్రం నడిపేది ధనీరామ్ సాహు. బిల్హా దగ్గర పల్లెటూరివాడు, తెలుగువాళ్ళ మధ్య పనిచేసి తెలుగు మాట్లాడటం నేర్చుకున్నవాడు. ఫలితం రాసేది డాక్టరు విశ్వనాథం. వరంగల్లు మనిషి, నెమ్మదస్తుడు, బదిలీ కోసం అర్జీ పెట్టుకుని ఎదురు చూస్తున్నవాడు.

"కళ్ళు మూసుకో అమ్మన్నా. కుయ్ మని వినబడగానే వేలెత్తు," అన్నాడు డాక్టరు.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. రహస్యమంటే అమ్మన్నకు తప్ప అందరికీ తెలిసినదని అర్థం. ధనీరామ్ మీట నొక్కినప్పుడల్లా అతని కుడి భుజం కొంచెం పైకి లేస్తుంది. మిగతా డ్రైవర్లు అరకన్ను తెరిచి ఆ భుజాన్ని చూసి వేలెత్తేవాళ్ళు. ఆ విధంగా ఆ కేంద్రంలో ఏళ్ళ తరబడి అందరికీ చక్కగా వినబడుతూ వచ్చింది. అమ్మన్న మాత్రం కళ్ళు మూసుకోమంటే గట్టిగా మూసుకున్నాడు.

చెవికి ఆనని చిప్పల్లోంచి కుయ్ శబ్దం బయటికి జారిపోయింది. బయటి శబ్దాలు లోపలికి వచ్చాయి. యార్డులో ఇంజను కూసింది, అమ్మన్న వేలెత్తాడు. పక్క క్వార్టర్లో కుక్కరు కూసింది, వేలెత్తాడు. స్టాండులో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు, వేలెత్తాడు. డాక్టరు పెన్ను మూత తీశాడు. దానికీ వేలెత్తాడు. ధనీరామ్ మీట నొక్కినప్పుడు తప్ప మిగతా అన్ని వేళలా ఆ వేలు పైనే ఉంది.

ధనీరామ్ డాక్టరు చెవిలో గుసగుసగా అన్నాడు. "సాహెబ్, ఇస్‌కో తో కుఛ్ భీ సునాయీ నహీఁ దేతా."

"ఎందుకు వినపడదు? నాకు అన్నీ వినపడతన్నాయి బాబూ," అన్నాడు అమ్మన్న కళ్ళు తెరవకుండానే.

"మాట్లాడకు అమ్మన్నా, పరీక్ష జరుగుతోంది," అన్నాడు డాక్టరు.

పరీక్ష అయింది. రెండు చెవులూ పనికిరావని తేలింది. అమ్మన్న హెడ్‌ఫోను తీసి బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, డాక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బాబూ, తమరు నాతోటి మాటాడతన్నారు. నాను మీకు జవాబు సెప్తన్నాను. ఇంక సెవుడేటి?"

డాక్టరు అబద్ధం ఆడే మనిషి కాదు. "నువ్వన్నది నిజమే. నేను నీతో మాట్లాడేది మనిషిగా. యంత్రం అలా మాట్లాడదు కదా."

"ఆ సెవికాడ మెత్తలు నేవు బాబూ. అందుకే శబ్దం పక్కకి పోతన్నాది."

"మెత్తలు కావాలని నేను ఇక్కడ చేరిన దగ్గర్నుంచీ రాస్తున్నాను. రాగానే నిన్నే ముందు పిలుస్తాను."

అమ్మన్నను ఇంజను మీదనుంచి దించేశారు. చెవిటి డ్రైవరును ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ముఖ్య శ్రవణాధికారి హరవంశ్ నారాయణ్ త్రిపాఠీ గారి దగ్గరికి వెళ్ళింది. వినికిడి, వినతులు రెండూ వినడానికి సంబంధించినవే కనుక శ్రవణ యోగ్యతా కేంద్రమూ, ప్రజల ఫిర్యాదుల కిటికీ కూడా ఆయన కిందే ఉండేవి. ఆయన పెద్ద గొంతు మనిషి. ఎదురుగా కూర్చున్నవాళ్ళతో కూడా ప్లాట్‌ఫారం అవతల ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేవారు. దాన్ని అందరూ హోదా అనుకునేవారు. ఎవరేం చెప్పినా చివర "దేఖ్ లేంగే" అనేవారు. చూద్దాం అని దాని అర్థం.

త్రిపాఠీ గారు దూరదృష్టితో అమ్మన్నను ఫిర్యాదుల కిటికీలో కూర్చోబెట్టమన్నారు. అంతకుముందు ఆ కిటికీలో కూర్చున్న గుమాస్తాకు ఎప్పుడైనా వచ్చే ఒకరిద్దరి గోడుకే రక్తపోటు వచ్చింది. చెవిటివాడికి ఆ ప్రమాదం లేదు. జనానికి చెప్పుకున్నామన్న తృప్తి, ఉద్యోగికి విననక్కరలేని ఆరోగ్యం. ఇంత మానవత్వం ఉన్న నియామకం తమ సర్వీసులో చూడలేదని చుట్టూ ఉన్నవాళ్ళు ఆయనతో చాలా గట్టిగా అన్నారు.

కాలనీలో అమ్మన్న పరిస్థితి మారిపోయింది. నిన్నటిదాకా మామూలుగా పలకరించినవాళ్ళు ఇప్పుడు రెండు చేతులూ నోటికి బూరలా పెట్టుకుని "భోంచేశావా" అని అరిచేవారు. కూరగాయల మనిషి బెండకాయల ధర వేళ్ళతో చూపించేది. పక్క క్వార్టరు సూర్యం అనే గార్డు, అమ్మన్న వరండాలో కూర్చుని ఉండగానే, గోడకు ఇవతల నిలబడి తన అత్తగారి గురించి ఉన్నదంతా చెప్పుకునేవాడు. (ఆమె గోడకు అవతల ఉండేది. ఆమె చెవులు పరీక్షకు వెళ్ళలేదు.)

"ఆడు నా ముందరే అన్నీ సెప్పీసుకుంటన్నాడు. నాకు సిగ్గుగా ఉంది," అన్నాడు అమ్మన్న.

"ఆడికి లేని సిగ్గు మీకెందుకండి?" అంది అచ్చియమ్మ. "ఊరుకోండి. మరేటన్నాడు ఆళ్ళత్త గురించి?"

ఆవిడ అలా నవ్వించడానికే చూసేది గానీ, సాయంత్రం గతౌరా వైపు పోయే బొగ్గు బండి కూత వినబడేసరికి అమ్మన్న మంచం మీదనుంచి లేచి వరండా చివర నిలబడటం ఆవిడ కంట పడకపోలేదు. బండి కనబడదు, మధ్యలో క్వార్టర్లు అడ్డం. అతను తల వంచి వినేవాడు. బ్రేకు కొంచెం మొరటుగా పడితే, తన వీపు మీద ఎవరో చెయ్యి చేసుకున్నట్టు భుజాలు ముడుచుకునేవాడు. బండి దాటిపోయాక లోపలికి వచ్చి, అన్నం పెట్టమనేవాడు. తిన్నది ఏ కూరో అడిగితే చెప్పలేకపోయేవాడు.

ఇక ఫిర్యాదుల కిటికీ సంగతి. అమ్మన్నకు ఆ పని ఎలా చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. దాంతో అతను జనం చెప్పింది వినడం మొదలుపెట్టాడు.

గతౌరా స్టేషనులో పంపులో నీళ్ళు రావడం లేదని ఒక ముసలామె చెప్పింది. అమ్మన్న అటు వెళ్ళే బండి డ్రైవరుతో చెప్పి, ఒక ఫిట్టరును ఇంజనులో ఎక్కించి పంపాడు. మర్నాటికి నీళ్ళు వచ్చాయి. ఒకాయన పెళ్ళికి తీసుకెళ్ళాల్సిన పట్టుచీరల పెట్టె పార్సిల్ ఆఫీసులో దొరకడం లేదన్నాడు. అమ్మన్న అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, దాని మీద కూర్చుని టీ తాగుతున్న హమాలీని లేపాడు. పెట్టె దొరికింది.

దీనివల్ల జరగవలసిన నష్టం జరిగింది. కిటికీలో ఉన్న మనిషి వింటున్నాడని ఊళ్ళో పాకిపోయింది. అంతవరకు ఆ కిటికీ ముందు ఒక కుక్క పడుకునేది. ఇప్పుడు క్యూ తయారైంది. చకర్‌భాటా నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. కొందరికి రైల్వేతో సంబంధం లేని ఫిర్యాదులు. ఒక రిటైర్డు మాస్టారు కేవలం తన కోడలి గురించి చెప్పి, మనసు తేలికైందని దండం పెట్టి వెళ్ళిపోయాడు. గతంలో ఫిర్యాదులే లేని విభాగంగా మెప్పు పొందిన ఆఫీసుకు ఇప్పుడు ఫిర్యాదులు పెట్టుకోవడానికి బీరువా చాలకుండా పోయింది.

త్రిపాఠీ గారు అమ్మన్నను పిలిపించారు. చెవిటివాడితో మాట్లాడవలసి ఉంది గనుక కుర్చీలోంచి లేచి నిలబడి మరీ అరిచారు. చెవిటివాడిగా నియమితుడైన ఉద్యోగి డ్యూటీలో ఉండగా వినడం క్రమశిక్షణా రాహిత్యం కాదా అని హిందీలో అడిగారు.

"నాకు వినపడుతుంది సాబ్. మొదట్నించీ అదే చెబుతున్నాను," అని అమ్మన్న వచ్చిన హిందీలో వినయంగా చెప్పుకున్నాడు. "మెత్తలు వేయిస్తే రుజువు చేసుకుంటాను. నన్ను మళ్ళీ బండెక్కించండి."

త్రిపాఠీ గారు అతని మొహం వైపు శ్రద్ధగా చూశారు. "దేఖ్ లేంగే," అన్నారు.

మెత్తల సంగతి కూడా అంత నిర్లక్ష్యంగా ఏమీ లేదు. డాక్టరు విశ్వనాథం అడుగుతూనే ఉన్నాడు, వస్తువుల సరఫరా విభాగం జవాబిస్తూనే ఉంది. చెవి మెత్త అనేది విడిగా ఒక వస్తువు కాదు, హెడ్‌ఫోనులో భాగం. హెడ్‌ఫోను విడిగా వస్తువు కాదు, యంత్రంలో భాగం. యంత్రం పాడైతేనే కొత్తది ఇస్తారు. యంత్రం పాడవలేదు. పాడవలేదనడానికి రుజువు, మొన్ననే ఒక డ్రైవరు చెవిటివాడని అది కనిపెట్టింది.

ఆఖరికి పై ఆఫీసులో ఎవరో దయగల మనిషి ఆ ఉత్తరాన్ని ముందుకు కదిలించాడు. అవి కాగితాలన్నీ హిందీలోనే కదలాలనే రాజభాషా పక్షోత్సవాల రోజులు. డాక్టరు ఇంగ్లీషులో రాసినదాన్ని అనువాదకుడు హిందీలోకి మార్చాడు. చెవికి పెట్టుకునే మెత్తటిది ఏమిటని ఆలోచించి, "కాన్ కా తకియా", అంటే చెవి దిండు, అని రాశాడు. పద్ధతి ప్రకారం సరఫరా జరిగింది. ఒకరోజు శ్రవణ యోగ్యతా కేంద్రానికి రెండు తలగడలు వచ్చాయి. పడుకునే తలగడలు. నీలం సిరాతో ముద్ర కూడా వేసి ఉంది.

"కా కరబో సాహెబ్," అన్నాడు ధనీరామ్, ఏం చేస్తాం అని. "వచ్చింది గవర్నమెంట్ సామాన్. వాడకపోతే ఆడిట్‌వాలా అడుగుతాడు."

వాడారు. పరీక్షకు వచ్చిన మనిషి తలకు రెండు వైపులా తలగడలు పెట్టి, వాటి మీదుగా హెడ్‌ఫోను తగిలించి, జారిపోకుండా బ్యాండేజీతో గడ్డం కిందికి కట్టారు. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన డ్రైవర్లు ఎక్కువ కాబట్టి చాలామంది కుర్చీలోనే నిద్రపోయారు. ఒకాయన గురక పెట్టాడు. డాక్టరు అతని కాగితం మీద వినికిడి అన్నచోట గీత పెట్టి, సామాన్య ఆరోగ్యం అన్నచోట "విశ్రాంతి సంతృప్తికరం" అని రాశాడు. ఆ వారం తలగడలు అడ్డమై ధనీరామ్ భుజం కనబడక, అరకన్ను తెరిచే డ్రైవర్లు కూడా తప్పారు. బళ్ళు నడపడానికి మనుషులు చాలక తలగడలు ఉపసంహరించారు.

అమ్మన్న ఇంక అడగడం మానేశాడు. ఒకరోజు అచ్చియమ్మే బయలుదేరింది. మధ్యాహ్నం వేళ కేంద్రానికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

"డాక్టరు బాబూ, నాను అమ్మన్న ఇంటిదాన్ని. గొడవకి రానేదు. ఆ మిషను ఒకపాలి సూద్దావని."

డాక్టరు కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు. బల్ల మీద హెడ్‌ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది. ప్లాస్టిక్ చిప్ప అంచున మెత్త ఉండవలసిన చోట వేలు పెట్టి గుండ్రంగా తిప్పింది.

"ఇక్కడుండీది గుండ్రంగా, మద్దిన కన్నంతోటి ఉంతాదేటి?"

"అవునమ్మా."

"ఇది సుట్టకుదురే కదా బాబూ. బిందె కింద పెట్టుకున్నట్టు. మరీ సిన్నది, అంతే."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇంతకాలంగా పెద్ద పెద్ద ఇంగ్లీషు పేర్లతో ఉత్తరాలు రాసింది ఒక చుట్టకుదురు కోసమని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

అచ్చియమ్మ చేసిన మొదటి జత పాడైంది. దూది మరీ కూరిపెట్టింది. ధనీరామ్ పెట్టుకుని చూస్తే హెడ్‌ఫోను తలను పట్టుకుని వదల్లేదు. అలాగే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళి వచ్చాడు. (వాళ్ళావిడ పలకరిస్తే పలకలేదని తర్వాత రెండు రోజులు మాట్లాడలేదు.) రెండో జతకు ఆవిడ పాత సోఫా స్పాంజి కోసి, తన పెళ్ళినాటి మఖ్మల్ జాకెట్టు విప్పి పైన కుట్టింది. ముదురు ఎరుపు రంగు, అంచున సన్నటి జరీ. ఇప్పుడు పట్టని జాకెట్టు అని తేలిగ్గా అంది గానీ, కత్తెర పెట్టేముందు దాన్ని కొంచెంసేపు ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

"అదెందుకు కోసీడం? ఇంకో గుడ్డ నేదేటి?" అన్నాడు అమ్మన్న.

"సెవికి మెత్తగా ఉండాలి కదండి. మీరు ఇంట్లో ఉంటే నాకు నోరు మెదపడానికి నేదు. బండెక్కీయండి బాబూ, దండవెడతాను."

ఇంకొక్క చిక్కు మిగిలింది. ప్రైవేటు వ్యక్తి కుట్టిన మెత్తను ప్రభుత్వ పరికరానికి అమర్చకూడదు. ఆ నియమాన్ని ఉల్లంఘించే ధైర్యం డాక్టరు విశ్వనాథానికి లేదు. ఆయన ఒక రాత్రంతా దాని గురించి ఆలోచించినట్టున్నాడు, ఉదయం ఎర్రటి కళ్ళతో వచ్చి ధనీరామ్‌ను రోగుల చీటీ ఒకటి తెమ్మన్నాడు.

"ఎవరికి సాహెబ్?"

"పరికరానికి ఏదైనా తగిలించాలంటే అనుమతి కావాలి. రోగికి కట్టు కట్టడానికి నేనే చాలు. రాయి. పేరు, హెడ్‌ఫోను."

ధనీరామ్ రాశాడు. "తండ్రి పేరు?"

డాక్టరు ఆలోచించాడు. "యంత్రం."

జబ్బు అన్నచోట "రెండు చెవులకూ చర్మం ఊడిపోవుట" అనీ, చికిత్స అన్నచోట "మఖ్మల్ కట్టు, రెండు వైపులా, ఊడిపోయేవరకు" అనీ రాసి సంతకం చేశాడు. కట్టు గుడ్డ రోగి బంధువులు తెచ్చుకోవచ్చునని నియమం ఉంది. బంధువు అన్నచోట అచ్చియమ్మ వేలిముద్ర వేసింది. ధనీరామ్ చిప్పలకు మెత్తలు తొడిగి, కదలకుండా చుట్టూ దారం బిగించాడు. హెడ్‌ఫోను డ్యూటీలో చేరడానికి తగిన ఆరోగ్యంతో ఉన్నట్టు డాక్టరు ధ్రువపత్రం ఇచ్చాడు.

ఆ మధ్యాహ్నమే అమ్మన్నకు మళ్ళీ పరీక్ష. అతను కుర్చీలో కూర్చుని గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. మఖ్మల్ మెత్తలు చెవులను కప్పేసరికి యార్డు పోయింది, కుక్కరు పోయింది, సైకిళ్ళు పోయాయి. ఇన్నేళ్ళలో అంత నిశ్శబ్దం అతను విని ఎరగడు. భయం వేసి కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నిజంగానే చెవుడు వచ్చేసిందేమోననుకున్నాడు. అప్పుడు ఎక్కడో చాలా దూరాన, పైరు మీద పురుగు అరిచినంత సన్నగా, కుయ్ మంది.

అతను వేలెత్తాడు. తర్వాత ప్రతిసారీ ఎత్తాడు. ధనీరామ్ శబ్దం తగ్గించుకుంటూ పోయాడు, యంత్రంలో ఇంక తగ్గించడానికి లేనంతవరకు.

చెవుడు ఎలా పోయిందో కారణం రాయాలి. ఉద్యోగికి ఏ మందూ ఇవ్వలేదు, వైద్యం లేకుండా నయం కావడం నియమాలకు విరుద్ధం. కానీ వైద్యం జరిగినమాట వాస్తవం, చీటీ ఉంది. డాక్టరు విశ్వనాథం తన జీవితంలోకెల్లా ధైర్యమైన వాక్యం రాశాడు: "పరికరము కోలుకున్నందున ఉద్యోగి కోలుకొనెను."

అమ్మన్న మళ్ళీ బండెక్కాడు. కాలనీలో అందరూ గొంతులు తగ్గించారు. సూర్యం మాత్రం వారం రోజులు వాళ్ళ వరండా వైపు రాలేదు.

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ప్రభుత్వ కార్యాలయంలో ఏదైనా మంచి జరిగితే దానికి ప్రారంభోత్సవం చెయ్యాలి. "శ్రవణ పరికర ఉన్నతీకరణ" అని బ్యానరు కట్టారు. హెడ్‌ఫోనుకు బంతిపూల దండ వేశారు. త్రిపాఠీ గారు వచ్చి, ఫొటో కోసం స్వయంగా పరీక్ష కుర్చీలో కూర్చుంటానన్నారు. డాక్టరు వద్దన్నట్టు నెమ్మదిగా ఏదో అన్నాడు గానీ, ఆయన అప్పటికే కూర్చున్నారు. ఎర్ర మెత్తలు ఆయన మొహానికి చక్కగా నప్పాయి. ఫొటోలో గంభీరంగా పడాలని కళ్ళు మూసుకున్నారు.

ధనీరామ్ మీట నొక్కాడు. వేలు లేవలేదు. ఇంకొంచెం పెంచి నొక్కాడు. లేవలేదు. పెంచుతూ పోయాడు. చివరికి ఆ కుయ్ శబ్దం మఖ్మల్ దాటి గదిలోకి వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడిన వాళ్ళకు కూడా వినబడింది. సైకిలు స్టాండులో కుక్క మొరిగింది. త్రిపాఠీ గారు ప్రశాంతంగా ఉన్నారు.

ఇటువంటి సమయంలో పై అధికారికి సాయం చెయ్యడం కింది ఉద్యోగుల ధర్మం. వచ్చినవాళ్ళలో ముందు ఫోర్‌మన్ వేలెత్తాడు. తర్వాత పెద్ద గుమాస్తా. కాసేపటికి గదిలో ఉన్నవాళ్ళందరి వేళ్ళూ పైకి లేచాయి, పూలదండ పళ్ళెం పట్టుకున్న మనిషిది కూడా. త్రిపాఠీ గారు కళ్ళు తెరిచి చూసి, ఇదేదో కార్యక్రమంలో భాగమనుకుని తానూ వేలెత్తి చిరునవ్వు నవ్వారు. ఫొటో ఆ క్షణంలో తీశారు.

కానీ కుర్చీలో కూర్చున్నవాళ్ళ ఫలితం రాసి తీరాలి. డాక్టరు రాశాడు. రాసిన మర్నాటికి ముగ్గురు సభ్యుల కమిటీ పడింది. దాని ముందున్న ప్రశ్న తేలికైనది కాదు. మెత్తలు సరైనవైతే త్రిపాఠీ గారు చెవిటివారు. త్రిపాఠీ గారు సరైనవారైతే మెత్తలు తప్పు, అప్పుడు అమ్మన్న మళ్ళీ చెవిటివాడు. అన్నాళ్ళూ అమ్మన్న దినదినగండంగా డ్యూటీ చేశాడు. బండి దిగేటప్పుడల్లా ఇంజను కడ్డీ మీద ఒక్క క్షణం చెయ్యి వేసి ఉంచేవాడు.

"ఇన్నాళ్ళూ ఆ బాబుకి వినపడదని ఎవులూ కనిపెట్టనేదేటండి?" అని అడిగింది అచ్చియమ్మ, అన్నం వడ్డిస్తూ.

"కనిపెట్టినోళ్ళు ఆయనకి సెప్పీ ఉంతారే. ఆయనకి వినపడాలి కదా."

ఆవిడ నవ్వి, అంతలోనే ఆగిపోయింది. "మరి మిమ్మల్ని దించీరు కదా?"

అతను అన్నం కలుపుకున్నాడు. వినబడక కాదు.

కమిటీ నెల తిరక్కుండానే నివేదిక ఇచ్చింది. అందరికీ న్యాయం చేసింది. చెవి మెత్తలు నిర్దోషమైనవి, వాటి ఆధారంగా అమ్మన్నకు ఇచ్చిన యోగ్యత చెల్లుతుంది, అతను బండి నడపవచ్చు. శ్రీ త్రిపాఠీ గారికి వినబడకపోవడం కూడా వాస్తవమే, అయితే దానివల్ల ఆయన పదవికి ఏ ఇబ్బందీ లేదు. ముఖ్య శ్రవణాధికారి మొదలుకొని ఆ పై స్థాయి అధికారులందరినీ ఇకముందు వినికిడి పరీక్ష నుంచి మినహాయించాలని సిఫారసు చేస్తూ, కమిటీ చివరి పేరాలో కారణం కూడా రాసింది: సదరు అధికారుల విధులన్నిటినీ క్షుణ్ణంగా పరిశీలించడమైనది, వాటిలో వినవలసిన అవసరమున్నది ఏదీ కమిటీ దృష్టికి రాలేదు.